లావారిస్ ఫైళ్ళు



తెలుగులో 'వారసుడు' అంటున్నామే, అది మన 'వారిస్' నుంచి వచ్చిన మాటే. దస్తావేజు, దాఖలా, హక్కు, ఇవన్నీ కచేరీల గుండా తెలుగులోకి వచ్చి ఇక్కడే పుట్టినట్టు స్థిరపడిపోయాయి. 'లావారిస్' మాత్రం ఎందుకో గడప దగ్గరే ఆగిపోయింది. దాన్ని తెలుగులో చెప్పమంటే 'దిక్కులేనిది' అంటారు. సరిగ్గా ఆ అర్థం కాదది. వస్తువు కళ్ళముందే ఉంది, ఇది నాది అని చెప్పే మనిషి మాత్రం కనబడటం లేదు. అంతవరకే. ఆ మనిషి అసలే లేడని కాదు.

లినక్స్ కంప్యూటర్లలోనూ ఇలాంటి లావారిస్ మాల్ పేరుకుంటుంది. ఫైలు ఉంటుంది, దాని తేదీ ఉంటుంది, మాలిక్ పేరు ఉండాల్సిన చోట ఒట్టి నంబరు ఉంటుంది. చెత్త అనుకుని ఊడ్చేసేవాళ్ళే ఎక్కువ. కర్నూలులో మా జమాత్ దఫ్తర్ కంప్యూటర్లో అలాంటి ఫైళ్ళు బయటపడ్డాక, చెత్త ఏది, అమానత్ ఏది అని తేల్చుకునే ఫిక్ర్ నాకు పట్టుకుంది. దాని సంగతే ఇది.

కంప్యూటర్ పని తెలియని అమ్మీలు, ఖాలాలు కూడా ఇక్కడ చదువుతారు కాబట్టి ముందు కొంచెం వివరంగా చెప్తాను. లినక్స్ అంటే కంప్యూటర్‌ను నడిపించే వ్యవస్థ. 1991లో ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టాడు. ఉచితంగా దొరుకుతుంది, పాత మెషీన్ల మీద కూడా నడుస్తుంది. అందుకే డబ్బుల్లేని మాలాంటి దఫ్తర్లకు అది రహమత్. మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నదీ లినక్సే.

ఇందులో ప్రతి ఫైలుకూ ఒక మాలిక్ ఉంటాడు. అయితే ఫైలు మీద అతని పేరు రాసి ఉండదు, నంబరు రాసి ఉంటుంది. ధోబీ గుర్తు లెక్క అనుకోండి. బట్టల అంచున ధోబీ నల్ల సిరాతో ఒక గుర్తు వేస్తాడు. ఆ గుర్తు ఏ ఇంటిదో అతని లెక్కల పుస్తకంలో ఉంటుంది. లినక్స్‌లో ఆ పుస్తకం పేరు పాస్‌వర్డ్ ఫైలు. పేరు అదే గానీ ఇప్పుడందులో పాస్‌వర్డులు ఉండవు, ఫలానా నంబరు ఫలానా మనిషిది అన్న లెక్కే ఉంటుంది. మనం ఫైళ్ళ జాబితా అడిగినప్పుడు లినక్స్ ఆ పుస్తకం తిరగేసి, నంబరు బదులు పేరు చూపిస్తుంది. పుస్తకంలో ఆ వరస లేకపోతే నంబరునే చూపిస్తుంది. అదే లావారిస్ ఫైలు.

ఇలా అయ్యేది ఎక్కువగా రెండు రకాలుగా. ఒకటి, మనిషి ఖాతా తీసేస్తారు. ఖాతాతో పాటు అతని సొంత ఫోల్డర్ కూడా తీసేయమని చెప్పినా, వేరే చోట్ల అతను పెట్టినవి అలాగే ఉండిపోతాయి. రెండు, ఒక మెషీన్ డిస్కులోని సామానంతా ఇంకో మెషీన్‌లోకి దించుతారు. బట్టలు గుర్తులతో సహా వస్తాయి, ధోబీ పుస్తకం మాత్రం పాత దుకాణంలోనే ఉండిపోతుంది.

వీటిని వెతకడానికి 'ఫైండ్' అనే ఆజ్ఞ ఉంది. దానికి 'నోయూజర్' అని షరతు పెడితే మాలిక్ లేని ఫైళ్ళను, 'నోగ్రూప్' అని పెడితే గ్రూపు లేని ఫైళ్ళను ఏరి చూపిస్తుంది. రెండింటి మధ్య 'లేదా' అని పెట్టుకుంటే ఒకేసారి రెండూ వస్తాయి. రూట్, అంటే ఇంటి పెద్ద లాంటి ఖాతాతో నడిపించాలి, లేకపోతే తాళం వేసిన గదుల్లోకి పోలేదు. 'ఎక్స్‌డెవ్' అని చేర్చితే మొదలుపెట్టిన విభాగం దాటి బయటికి పోదు. కాబట్టి డిస్కులో వేరే విభాగాలుంటే ఒక్కోదానికీ విడిగా నడపాలి. ఇది మరిచిపోయి, ఏమీ దొరకలేదు అల్‌హందులిల్లాహ్ అని లేచిపోయేవాళ్ళను చూశాను. అసలు సామాను పక్క విభాగంలో ఉంటుంది.

ఇంతవరకూ ఏ పుస్తకంలో చూసినా దొరుకుతుంది. ఎందుకు వెతకాలి అన్నది అంతకన్నా ముఖ్యం. డిస్కులో జాగా వృథా అవుతుందని కొందరంటారు. అది చిన్న విషయం. అసలు ఖతరా ఇంకోటి ఉంది. చాలా లినక్స్‌లలో మనుషుల ఖాతాల నంబర్లు 1000 నుంచి మొదలవుతాయి. కొత్త ఖాతా తెరిచినప్పుడు, ఉన్నవాటిలో పెద్ద నంబరు చూసి దాని తర్వాతిది ఇస్తుంది. ఆ నంబరు ఒకప్పుడు వేరే మనిషిదని దానికి గుర్తుండదు. నిన్నటిదాకా లావారిస్‌గా ఉన్న ఫైళ్ళన్నీ ఆ క్షణంలో కొత్త మనిషి పేరు మీదికి వెళ్ళిపోతాయి. ఎవరూ దస్తఖత్ పెట్టలేదు, ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ తీసుకోలేదు. కొత్తగా వచ్చిన మనిషికి కూడా తెలియదు. చదవొచ్చు, మార్చొచ్చు, చెరిపేయొచ్చు. పేరు తప్పుగానైనా కనబడుతోంది కాబట్టి, తర్వాత ఎంత వెతికినా అవి లావారిస్ జాబితాలోకి రావు.

మా దఫ్తర్‌లో అదే జరగబోయింది. మెషీన్‌లో మూడు ఖాతాలున్నాయి: 1000, 1001, 1002. ఉర్దూ, తెలుగు రెండూ టైపు చేయగల ఒక అమ్మాయి కొత్తగా పనికి వచ్చింది, ఆమెకు ఖాతా కావాలి. తెరిచే ముందు అలవాటు ప్రకారం ఫైండ్ నడిపాను. ఒక ఫోల్డర్ నిండా 1003 నంబరు ఫైళ్ళు. నాలుగు వందలకు పైనే. ఆ అమ్మాయికి రాబోయే నంబరు సరిగ్గా అదే.

తేదీలు చూస్తే చాలావరకు 2009 అక్టోబర్, నవంబర్, డిసెంబర్. కర్నూలు వాళ్ళకు ఆ నెలలు చెప్పక్కర్లేదు. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి ఊరిని ముంచాయి. బిందెడు నీళ్ళ కోసం కొట్లాడుకునే సీమలో, ఇంటి బీరువాలోని కాగితాలను నీళ్ళే తినేశాయి. నీళ్ళు తీశాక జనం మిద్దెల మీద ఇటుక ముక్కలు బరువు పెట్టి దస్తావేజులు ఆరబెట్టుకున్నారు. అప్పుడు మా దఫ్తర్‌లో పని చేసే పెద్దాయన ఒకరు, అందరూ మున్షీ సాబ్ అనేవాళ్ళు, ఆ కాగితాలను ఒక్కొక్కటిగా విప్పి స్కాన్ తీసిపెట్టారు. పైసా తీసుకోలేదు. నిఖానామాలు, ఇంటి పత్రాలు, సర్టిఫికెట్లు. తర్వాత కొన్నేళ్ళకు ఆయన ఇంతెకాల్ అయ్యారు. పాత మెషీన్ కాలిపోతే డిస్కులోని సామాను కొత్తదానిలోకి దించారు. ధోబీ పుస్తకం రాలేదు.

నంబరు వెనకాల పేరు దొరకడం కష్టం కాలేదు. పాత డిస్కు అలమారాలోనే ఉంది. దానిలోని పాస్‌వర్డ్ ఫైలు తెరిస్తే 1003 పక్కన మున్షీ సాబ్ పేరు. ఆ ఫైలు పాడైపోయినా భయం లేదు. మార్పు జరిగిన ప్రతిసారీ దానికి ముందు నకలు ఒకటి, అదే పేరు చివర అడ్డగీతతో, పక్కనే మిగిలి ఉంటుంది. చాలామందికి తెలియని సదుపాయం ఇది.

పేరు తెలిసింది కదా, ఇక ఆయన కొడుకులకు ఇచ్చేస్తే సరిపోతుందని కమిటీలో ఒకాయన అన్నారు. ఇంకొకాయన, "ఇన్నేళ్ళు ఎవరూ అడగలేదు, తీసేయ్ బేటా, ఝంజట్ నక్కో" అన్నారు. రెండు మాటలూ నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో చెప్పాలంటే మన ఫిఖహ్ దగ్గరికి పోవాలి.

దొరికిన వస్తువును ఫిఖహ్‌లో 'లుఖతా' అంటారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ జైద్ బిన్ ఖాలిద్ జుహనీ రజియల్లాహు అన్హు రివాయత్ ఉంది. దొరికిన వస్తువు గురించి ఒకాయన రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లమ్‌ను అడిగారు. దాని సంచీని, మూతి కట్టిన తాడును ముందు గుర్తుపెట్టుకోమని, తర్వాత ఏడాది పాటు ఏలాన్ చేయమని ఆయన చెప్పారు. తప్పిపోయిన గొర్రె అయితే? నువ్వు తీసుకోకపోతే ఇంకో సోదరుడికో తోడేలుకో పోతుందన్నారు. మరి ఒంటె? దానితో నీకేం పని అని ఆయన ముఖం ఎర్రబడింది. దాని నీళ్ళు దాని దగ్గరున్నాయి, దాని కాళ్ళు దానికున్నాయి, మాలిక్ దొరికేదాకా అది బతుకుతుందన్నారు.

ఆ నాలుగు వందల ఫైళ్ళ ముందు కూర్చున్నప్పుడు ఈ మూడూ నాకు దారి చూపించాయి. ఒంటె లాంటి ఫైళ్ళు మా మెషీన్‌లోనూ ఉన్నాయి. పాత లైబ్రరీ జాబితా తాలూకు డేటాబేస్ ఫైళ్ళు 1000 కన్నా చిన్న నంబరుతో ఉన్నాయి. అలాంటివి మామూలుగా మనుషులవి కావు, ఏదో సాఫ్ట్‌వేర్ తన పని కోసం పెట్టుకున్నవి. అది ఏదో తెలిసేదాకా ముట్టుకోకూడదు. గొర్రెలూ ఉన్నాయి. ప్రింటర్ వరసలో చిక్కుకున్న తాత్కాలిక ఫైళ్ళు, బొమ్మల చిన్న నకళ్ళు. అవి ఎవరికీ పనికిరావు, పెరిగితే డిస్కును తినేస్తాయి. తీసేశాను. మిగిలినవి సంచీలు. వాటికి ఏలాన్ చేయాల్సిందే.

సంచీని, తాడును గుర్తుపెట్టుకోమన్నారంటే ముందు బయటి ఆనవాళ్ళు చూడమని నేను అర్థం చేసుకున్నాను. లినక్స్‌లో 'స్టాట్' అనే ఆజ్ఞ ఫైలు తెరవకుండానే దాని సైజు, తేదీలు, మాలిక్ నంబరు, ఎవరికి ఏ ఇజాజత్ ఉందో అన్నీ చెప్తుంది. మున్షీ సాబ్ ఫైళ్ళకు పేర్లు కూడా పద్ధతిగా పెట్టారు: వీధి, ఇంటి పెద్ద పేరు, కాగితం రకం. తొంభై పాళ్ళు తెరవాల్సిన అవసరమే రాలేదు. పక్కింటి నిఖానామాలో మెహర్ ఎంత రాశారో చూడాలన్న సరదా ఎవరికైనా పుడుతుంది. సూరా హుజురాత్‌లో తజస్సుస్ వద్దన్నది అలాంటి సరదా గురించే. రూట్ ఖాతా చేతిలో ఉన్నవాడికి ప్రతి తాళమూ తెరుచుకుంటుంది, అందుకే అతనికి ఆ ఆయత్ అందరికన్నా ఎక్కువ గుర్తుండాలి.

ఇక కొడుకులకు ఇచ్చేయడం గురించి. ఒక మనిషి ఇంతెకాల్ అయితే కఫన్ దఫన్ ఖర్చు, అప్పులు, వసియ్యత్ పోగా మిగిలింది వారిసులకు వస్తుంది. అయితే ఆయన దగ్గర ఇతరులు దాచుకున్న అమానత్ ఆ తర్కాలోకి రానే రాదు. అది ఎవరిదో వాళ్ళకే చేరాలి. సూరా నిసా 58వ ఆయత్‌లోని హుకుం అదే. 1003 ఫోల్డర్‌లో మున్షీ సాబ్ సొంతవి కొన్ని ఉన్నాయి: ఇంటి ఖర్చుల లెక్కలు, మనవడి ఫొటోలు, హజ్ కోసం రాసుకున్న జాబితా. అవి ఆయన కొడుకులవి. మిగతావన్నీ ఊరి జనానివి. లినక్స్ దృష్టిలో రెండింటికీ ఒకే నంబరు. ఎందుకంటే లినక్స్‌కు తెలిసింది కబ్జా ఒక్కటే. ఈ ఫైలును ఎవరు తెరవగలరు, ఎవరు మార్చగలరు అన్నదే దానికి మాలిక్ అనే మాటకు అర్థం. హఖ్ ఎవరిదో దానికి తెలియదు, తెలిసే ఏర్పాటు కూడా లేదు. 'చోన్' అనే ఆజ్ఞతో ఒక్క క్షణంలో నాలుగు వందల ఫైళ్ళ మాలిక్‌ను మార్చేయొచ్చు. హఖ్‌దారును మార్చే ఆజ్ఞ మాత్రం ఏ కంప్యూటర్‌లోనూ లేదు.

అన్నిటినీ రూట్ పేరు మీదికి మార్చి చేతులు దులుపుకోవడం కూడా చాలా చోట్ల జరిగేదే. వారిసులు లేని ఆస్తి బైతుల్ మాల్‌కు పోతుంది కదా అనొచ్చు. నిజమే, కానీ వారిసులు లేరని వెతికి తేల్చుకున్నాక. వెతక్కుండా మార్చేస్తే జాబితా శుభ్రంగా కనబడుతుంది, ఆనవాలు పోతుంది.

అందుకని 'అమానత్' అనే పేరుతో ఒక ఖాతా తెరిచాను. ఎవరూ లాగిన్ కాలేని ఖాతా. దానికి 5000 అని దూరపు నంబరు నేనే ఎంచి ఇచ్చాను. ఖాతా తెరిచేటప్పుడు నంబరు మనమే చెప్పొచ్చు. అంత పెద్ద నంబరు వాడుకలోకి వచ్చింది కాబట్టి, తర్వాత వచ్చేవాళ్ళకు దానంతట అది 5001 ఇచ్చుకుంటూ పోతుంది. అది నాకిష్టం లేదు, కొత్త అమ్మాయికి 1010 అని కూడా నేనే ఇచ్చాను. 1003 ఇక ఎవరికీ పోదు. ఫైళ్ళను అమానత్ పేరు మీదికి మార్చే ముందు ఏది ఏ నంబరుతో, ఏ తేదీతో ఉండేదో జాబితా తీసి కాగితం మీద అచ్చు వేసి ఫైలు చేశాను.

ఆ జాబితాకు నేను పెట్టిన పేరు కైఫీయత్. మన సీమకు ఆ మాట కొత్త కాదు. 1800లో నిజాం ఈ జిల్లాలను కుంఫిణీకి ఇచ్చేశాక, కాలిన్ మెకంజీ మనుషులు దత్తమండలాల్లో ఊరూరా తిరిగి, ఏ భూమి ఎవరిది, ఏ మాన్యం ఎవరిచ్చారు, చెరువు ఎవరు తవ్వించారు అని రాయించారు. అవే కైఫీయత్తులు. రాజులు పోయారు, నవాబులు పోయారు, ఊరి జ్ఞాపకం కాగితం మీద మిగిలింది. కడపలో ఒకప్పుడు సి.పి. బ్రౌన్ బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరుతోనే భాషా పరిశోధన కేంద్రం ఉంది. మెకంజీ కైఫీయత్తుల సంపుటాలు అక్కడి నుంచే అచ్చయ్యాయి. ఫైండ్ ఇచ్చే జాబితా ఒట్టి లెక్క. ఇది ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు తెచ్చారు, ఎందుకు ఉంది అన్నది పక్కన రాసినప్పుడే అది కైఫీయత్ అవుతుంది. మున్షీ సాబ్‌తో పనిచేసిన ఇద్దరు పెద్దలను కూర్చోబెట్టుకుని నాలుగు ఇత్వార్లు రాశాను.

తర్వాత ఏలాన్. జుమా నమాజ్ అయ్యాక మసీదులో చెప్పించాం. వరదల తర్వాత ఇక్కడ స్కాన్ తీయించుకున్నవాళ్ళు రావచ్చని మాత్రమే చెప్పాం, పేర్లు చెప్పలేదు. సంచీ ఎలా ఉంటుందో వెతుక్కుంటూ వచ్చినవాడు చెప్పాలి గానీ, దొరికినవాడు ముందే చెప్పేయకూడదు. వచ్చినవాళ్ళను ఏ వీధి, ఎవరి కాగితం, ఏ సంవత్సరం అని అడిగి, సరిపోతే ఇచ్చాం.

మూడో వారం కడప నుంచి ఫోన్ వచ్చింది. ఇక్కడ పుట్టి అక్కడ మెట్టిన ఒక ఆపా. "బేటా, అమ్మీ కే నిఖా కే కాగజాఁ హైఁ క్యా?" అన్నారు. కథ ఏమిటంటే, వాళ్ళ అబ్బాకు ఆమె అమ్మీ రెండో భార్య, మొదటి ఆమె చనిపోయాక చేసుకున్నారు. ముందు అబ్బా, తర్వాత అమ్మీ పోయారు. కర్నూలు ఇల్లు అబ్బాదని మొదటి భార్య కొడుకులు పంపకాలు అడుగుతున్నారు. ఆ ఇంటిని అబ్బా మెహర్ కింద అమ్మీకి రాసిచ్చారని ఆపా చిన్నప్పటి నుంచి వింటూ పెరిగింది, కాగితం మాత్రం వరదలో పోయింది. మెహర్ అయితే ఇల్లు అమ్మీ ఆస్తి. ఆపాకు, ఆమె తమ్ముడికి పోతుంది, సవతి కొడుకులకు అందులో వాటా లేదు.

వీధి చెప్పారు, సంవత్సరం చెప్పారు, ఖాజీ సాబ్ ఎవరో చెప్పారు. ఫైలు ఉంది. అంచులు చెమ్మకు కరిగినా మెహర్ గడి, దస్తఖత్‌లు కనబడుతున్నాయి. స్కాన్ అసలు కాగితం కాదు, దాన్నే పట్టుకుని అన్నీ తేలిపోవు. కానీ దాని మీద రిజిస్టర్ నంబరు ఉంది. ఆ నంబరుతో ఖాజీ దఫ్తర్ నుంచి నకలు తెచ్చుకున్నారు. అబ్బా దస్తఖత్ చూసి పెద్దన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదట, తర్వాత "అబ్బా కా హీచ్ హై" అని కాగితం చెల్లెలి చేతికి ఇచ్చాడట. అదాలత్ దాకా పోకుండా తేలింది. ఝంజట్ నక్కో అని తీసేసి ఉంటే ఒక ఆడకూతురి మీరాస్ ఒక్క ఆజ్ఞతో పోయేది, పోయిందని ఎవరికీ తెలిసేది కూడా కాదు.

మీ దుకాణంలో, మదరసాలో, స్కూల్లో ఇలాంటి మెషీన్ ఉంటే మూడు మాటలు. పని మానేసినవాళ్ళ ఖాతా వెంటనే తీసేయకండి, తాళం వేయండి. నంబరుకు పేరు తోడుగా ఉంటుంది, లోపలికి మాత్రం ఎవరూ రాలేరు. కొత్త ఖాతా తెరిచే ముందు ఒకసారి ఫైండ్ నడపండి. నోయూజర్ పక్కన 'డిలీట్' అన్న మాట ఎప్పుడూ పెట్టకండి, ముందు జాబితా చూడండి. కంప్యూటరే లేని ఇళ్ళకు ఒక్క మాట: ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నప్పుడే, ఎవరి కాగితాలు వాళ్ళ దగ్గర అమానత్‌గా ఉన్నాయో అడిగి రాసిపెట్టుకోండి. ఫోన్‌లో ఉన్నవి కూడా.

అమానత్ ఖాతాలో ఇంకా నూటముప్పై చిల్లర ఫైళ్ళు ఉన్నాయి. ఏడాది గడువు రాబోయే రంజాన్‌కు పూర్తవుతుంది. లుఖతా అయితే ఆ తర్వాత మాలిక్ పేరున సదఖా చేయొచ్చని మన హనఫీ ఉలమా చెప్తారు. నిఖానామాను సదఖా ఎలా చేస్తాం? ఇవి మాత్రం ఉంటాయి. 2009 వరదప్పుడు మీవాళ్ళు ఎవరైనా కర్నూలులో ఉండి, తడిసిన కాగితాల సంచీతో ఏదైనా దఫ్తర్ మెట్లెక్కి ఉంటే, ఈసారి ఫోన్ చేసినప్పుడు అడగండి. నానీకో, ఫూఫూకో గుర్తుండే ఉంటుంది.

ఖుదా హాఫిజ్.